నిప్పు నిలిపిన రూపము

మనుష్యుడు మఱపును జయింపగోరి పెక్కు సాధనములను కల్పించుకొనెను. మాటను నిలుపుటకు లిపిని, రూపమును నిలుపుటకు చిత్రమును, శిల్పమును కనిపెట్టెను. అయినను చిరకాలము రాజులకును, ధనవంతులకును మాత్రమే తమ రూపములను వ్రాయించుకొను శక్తి యుండెడిది. 1839వ సంవత్సరమున పారిస్ నగరమునందు డాగెర్ అనునాతని ఛాయాచిత్రణ విధానము వెల్లడియైన పిమ్మట సామాన్యుల ముఖములకు గూడ ఆ భాగ్యము కలిగెను. కొంతకాలమునకు మన తిరునాళ్ళలో గుడారము వేసికొన్న ఫొటోగ్రాఫరు సైతము కొద్ది రూపాయలకు పేదవాని ముఖమును కాగితముపై నిలిపి యిచ్చుచుండెను.

కాని కాగితము చిరంజీవి కాదు. ఎండ, తేమ, బూజు, చెదలు దానికి శత్రువులు. కాగితము నశించినప్పుడు దానిపై నున్న ముఖము గూడ నశించును. ఆ ముఖమును మట్టిపలకపైకి మార్చి, నిప్పులో కాల్చి, నిలుపు విద్య యొకటి కలదు. అఱువది యేండ్లు దాటిన పిదప నేను దానిని నేర్చుకొంటిని. ఏల నేర్చుకొంటినో, నేర్చుకొనునప్పుడు ఏ తప్పు చేసితినో ఈ పాఠమున చెప్పెదను.

మాది కృష్ణాజిల్లా దివిసీమలో సముద్రమునకు చేరువనున్న యొక పల్లె. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెనను గూర్చి మీరు పెద్దలవలన వినియుందురు. ఆనాడు సముద్రము ఊళ్ళమీదికి వచ్చెను. వేలకొలది జనులు, లెక్కకు మిక్కిలి పశువులు ఆ నీటికి బలియైరి. నేనప్పుడు చదువుకై విజయవాడలో మా పిన్ని ఇంట నుంటిని. మా నాయనగారు అంతకు మునుపే గతించిరి. అమ్మ యొక్కతెయే ఊరిలో నుండెను. ఆమె మఱల మాకు కనబడలేదు. మా ఇల్లు గాని, ఇంటిలోని వస్తువొకటి గాని మిగులలేదు.

మిగిలినది ఒక్క ఛాయాచిత్రము. 1972వ సంవత్సరమున మాఘ పూర్ణిమనాడు హంసలదీవి తిరునాళ్ళలో అమ్మయు పిన్నియు ప్రక్కప్రక్కను నిలిచి దానిని తీయించుకొనిరి. ఒక ప్రతి పిన్నియొద్ద నుండుటచే అది నీటిపాలు కాలేదు. అందులో వెనుక రంగులు పూసిన తెర, ముందు అక్కచెల్లెండ్రిద్దఱు. పిన్ని నవ్వుచున్నది. అమ్మ పెదవులు మూసియున్నవి. ఆమె కనుబొమల నడుమ ఒక చిన్న ముడత కలదు. ఎండ కంట బడుటచే నుదురు ముడిచినదని నేను తలచెడివాడను.

నలుబది యేండ్లకు పైగా ఆ పటము పిన్ని ఇంటి గోడపై నుండెను. నేను ఉద్యోగము విరమించిన యేట, వానలకు గోడ చెమ్మగిల్లగా, పటమును దించి చూచితిని. అద్దము లోపల బూజు పట్టియుండెను. అమ్మ ఎడమ చెంపమీద తెల్లని మచ్చలు ప్రాకియుండెను. నల్లగా నుండిన కొంగు గోధుమ వన్నెకు తిరిగెను. నా గుండె జల్లుమనెను. ఒకసారి నీటివలన పోయిన తల్లి మఱల నీటివలననే పోవుచున్నదని తోచెను.

ఇట్లేల జరుగును? నలుపు తెలుపు ఛాయాచిత్రములోని నలుపు సిరా కాదు, అది వెండి. మిక్కిలి సన్నని వెండిరేణువులు జెలటిన్ అను జిగురుపొరలో చిక్కుకొనియుండును. జెలటినును పశువుల ఎముకలనుండియు, తోళ్ళనుండియు తీయుదురు. తేమ తగిలినచో అది ఉబ్బును, బూజునకు ఆహారమగును. గాలిలోని గంధకపు వాయువులు వెండిని మార్చివేయును. మన ఇంటిలోని వెండి కుంకుమభరిణ నల్లబడుటకును కారణమిదియే. రంగుల ఛాయాచిత్రములలో వెండికి మారుగా అద్దకపు రంగులుండును. అవి వెలుతురునకు క్రమముగా వెలసిపోవును.

మట్టిపాత్రల సంగతి వేఱు. పాతదిబ్బలను త్రవ్వునప్పుడు వేల యేండ్లనాటి కుండపెంకులు దొరకును. వానిపై గీసిన గీతలు నేటికిని కనబడును. ఆ గీతల రంగు ఇనుము మొదలగు లోహములనుండి వచ్చినది. నిప్పు దానిని మట్టిలో ఇమిడ్చినది. ఎండగాని, వానగాని దానిని చెఱుపజాలదు. ఈ సంగతి పిల్లలకు ఎన్నియోసారులు చెప్పియుంటిని గాని, నాకే అక్కఱకు వచ్చునని ఏనాడును తలపలేదు.

విజయవాడలో నా పూర్వవిద్యార్థిని యొకతె చిన్న శిల్పశాల పెట్టుకొని మట్టితో పాత్రలు, పలకలు చేయుచుండెను. విద్యుచ్ఛక్తితో నడచు బట్టీ యొకటి ఆమెకు కలదు. పటమును చేతబట్టుకొని నేను ఆమెయొద్దకు పోతిని. ఆమె దానిని వెలుతురునకు పట్టి, చాలసేపు చూచి, "మాస్టారూ, ముందుగా దీనికి మంచి ప్రతి తీయింతము. అసలు పటముమీద ఎన్నడును పనిచేయరాదు" అనెను. ఆనాటినుండి నేను శిష్యుడనైతిని, ఆమె గురువయ్యెను.

"ఛాయాచిత్రమును పింగాణిపైకి తెచ్చుట క్రొత్త ఊహ కాదు" అని ఆమె ఇట్లు చెప్పెను: "ఫ్రాన్సు దేశమున లఫోన్ ద కమర్సాక్ అనునాతడు 1854-55 ప్రాంతముననే ఇట్టి చిత్రములను చేసి చూపెను. ఆ శతాబ్దమున వాడుకలోనికి వచ్చిన పద్ధతి యొకటి వినుడు. బైక్రోమేటు అను లవణమును జిగురుతో కలిపి గాజుపై పలుచగా పూసి ఆఱబెట్టుదురు. దానిపై చిత్రపు పారదర్శకమైన ప్రతిని ఉంచి ఎండ చూపుదురు. వెలుతురు సోకిన చోట జిగురు గట్టిపడును. చిత్రము నల్లగా నున్న చోట వెలుతురు సోకదు గనుక అచ్చట జిగురు అంటుకొనుచునే యుండును. దానిపై లోహపు రంగుపొడిని చల్లినచో అది ఆ చోట్లనే నిలుచును. ఆ పొరను పింగాణిపైకి మార్చి కాల్చగా జిగురు మండిపోవును. రంగు పింగాణిలో కలిసిపోవును. ఐరోపాలోని శ్మశానములలో సమాధులపై ఇట్టి పింగాణి చిత్రములు ఇప్పటికిని ఎండవానలకు ఓర్చి నిలిచియున్నవి. అయితే బైక్రోమేటు విషపదార్థము. దాని జోలికి మనము పోవలదు."

"వేఱొక మార్గము లేదా?" అని అడిగితిని.

"ఉన్నది. నేటి అచ్చుయంత్రములలో కొన్నిటి నల్లపొడియందు ఇనుము ఉండును. ఆ యంత్రముతో ప్రత్యేకమైన కాగితముపై అచ్చొత్తి, మెఱుగు పలకకు అంటించి, సుమారు వేయి డిగ్రీల వేడిలో కాల్చినచో తక్కినదంతయు మండిపోయి, ఇనుపరంగు మాత్రము గోధుమ వన్నె చిత్రముగా నిలుచును. అది సులభమే. కాని అచ్చుయంత్రము అమ్మగారి ముఖముతోపాటు బూజుమచ్చలను గూడ అచ్చొత్తును. చెడిన భాగమును కంప్యూటరుచే పూరింపించినచో, అది తనకు తోచిన చెంపను పెట్టును."

"ఆ చెంప మా అమ్మది కాదు గదా!" అంటిని.

"అందుచేతనే చేతిపని చేయుదము" అని ఆమె నవ్వెను.

ఇంగ్లండులో హాన్లీ పట్టణమున జార్జి కార్ట్‌లిడ్జి అను శిల్పి యుండెను. ఆతని జీవితకాలము 1868 నుండి 1961 వఱకు. గ్లాడ్‌స్టన్, అబ్రహాం లింకన్ వంటి ప్రసిద్ధుల ముఖములను ఆతడు పలకలపై నిలిపెను. చూచువారు వానిని ఛాయాచిత్రములని భ్రమపడుదురు. కాని వానిలో కుంచె గీత యొక్కటియు లేదు. నీడ ఉండవలసిన చోట మట్టి లోతుగను, వెలుగుండవలసిన చోట మిట్టగను ఉండును. పైన పూసిన ఒకే రంగు మెఱుగు కరగి లోతులలో చిక్కగా నిలుచును, మిట్టలపై పలుచబడును. చిక్కనైన చోట నీడ, పలుచనైన చోట వెలుగు కనబడును. ఇది మహాశిల్పి చేయదగిన పని. నావంటివానికి తగిన మార్గము మఱియొకటి మన తీరముననే కలదని నా గురువు చెప్పెను.

అది చుక్కల కాగితము. బొమ్మ అంచుల వెంబడి కాగితమును సూదితో పొడిచి, దానిపై బొగ్గుపొడి మూటను తట్టినచో, రంధ్రములగుండా పొడి రాలి క్రింద చుక్కలబొమ్మ పడును. 17వ శతాబ్దమున హాలండు దేశమున డెల్ఫ్టు మొదలగు పట్టణముల పనివారు తెల్లని పలకలపై నీలిబొమ్మలను ఇట్లే దించిరి. మన కోరమాండల్ తీరపు అద్దకపువారును చేతితో చిత్రించు వస్త్రములకు ఈ బొగ్గుచుక్కల పద్ధతినే వాడిరి. ఆ కాలముననే డచ్చివారు మచిలీపట్టణమున వర్తకస్థానము పెట్టుకొని మన వస్త్రములను ఓడలపై కొనిపోయిరి. రెండు దేశముల పనివారు ఒకరి ముఖమొకరు చూడకయే ఒకే ఉపాయమును వాడుచుండిరన్నమాట! మచిలీపట్టణము మా దివిసీమకు పొరుగుననే యున్నది. ఆ మార్గమే నాకు నచ్చెను.

తొలిపని మట్టి. ద్వారకా తిరుమల ప్రాంతపు తెల్లమట్టిని కుండమట్టితో కలిపి, కాల్చి దంచిన మట్టిపొడిని కొంత చేర్చితిమి. ఆ పొడి ముందే నిప్పు చూచినది గావున అంతగా కుంచించుకొనదు. పలక వంకరపోకుండ కాపాడును. ముద్దను గాలిబుడగలు లేకుండ పిసికి, ఒక సెంటీమీటరు మందము గల రెండు కఱ్ఱబద్దల నడుమ ఉంచి, అప్పడాల కఱ్ఱవంటి దానితో సమముగా పఱచితిమి. పిమ్మట ప్రక్కకు 16.5 సెంటీమీటర్ల చొప్పున చతురముగా కోసితిమి. ఆఱి కాలునప్పటికి ఆ మట్టి నూటికి తొమ్మిది పాళ్ళు తఱుగునని ఆమె ముందే కొలిచియుంచెను. కావున తుదకు పలక 15 సెంటీమీటర్లగును. లెక్క తప్పినచో పలక చట్రమున ఇమడదు.

నా మొదటి తప్పు ఇచ్చట జరిగెను. పలక త్వరగా ఆఱవలెనని ఆమె చూడనప్పుడు దానిని ఎండలో పెట్టితిని. గంటలు గడచునప్పటికి అంచులు లేచి, నడుమ పగులు వచ్చెను. అంచులు ముందుగా ఆఱి కుంచించుకొనినవి. నడిమి మట్టి ఇంకను తడిగా నుండి లాగులాటకు ఓర్వలేక పగిలినది. నేను సిగ్గుపడి నిలుచుంటిని. ఆమె ఏమియు అనక ఆ పలకను నీళ్ళతొట్టిలో వేసెను. కొంతసేపటికి అది కరగి బురదయయ్యెను. "దీనితో మఱల పలక చేయవచ్చును, మాస్టారూ. కాలని మట్టి తప్పును మన్నించును. కాలిన మట్టి మన్నింపదు" అనెను. నేను తరగతిగదిలో ముప్పదియేండ్లు చెప్పిన మాటలలో ఇంత మంచి మాట ఎన్ని యున్నవో నాకు తెలియదు.

రెండవ పలకను చేసి, అది జున్నుగడ్డవలె బిగిసినంతవఱకు ఆగి, పైన తెల్లమట్టి నీటిని పలుచగా పూసితిమి. పటమునుండి అమ్మ ముఖమును మాత్రము పెద్దదిగా తీయించిన ప్రతిపై పలుచని కాగితము పఱచి, గీతలను దించుకొంటిని. తరువాత సూదితో పొడుచుటకు ఒక పగలంతయు పట్టెను. కనుఱెప్పలు, ముక్కుపుడక, చెవి చివర, పాపిట, కనుబొమల నడిమి ముడత అన్నియు చుక్కలయ్యెను. పలకపై కాగితమును పఱచి బొగ్గుపొడి మూటతో మెల్లగా తట్టి కాగితమునెత్తగా, తెల్లని మట్టిపై నల్లని చుక్కలు కనబడెను. వేకువనే లేచి వాకిట చుక్కలు పెట్టి అమ్మ ముగ్గువేయుట నాకు జ్ఞప్తికి వచ్చెను. ఆ చుక్కలను కలుపుట ఆమె పని. ఈ చుక్కలను కలుపుట నా పని. బొగ్గు నిప్పులో పూర్తిగా మండిపోవును గనుక ఈ చుక్కల జాడ తుదకు మిగులదు. కుంచె నిలిపినదే నిలుచును.

రంగునకు ఇనుము గల ఎఱ్ఱని జేగురును మెత్తగా నూఱి, నీటితోను, తుమ్మజిగురుతోను కలిపితిమి. కన్నులు సగము మూసి పటమును చూడుమని నా గురువు చెప్పెను. అట్లు చూడగా చిన్నచిన్న భేదములు మాయమై, ముఖమంతయు నాలుగు వన్నెలుగా తోచెను: తెలుపు, పలుచని నీడ, నడిమి నీడ, చిక్కని నీడ. తెలుపునకు రంగు వేయనక్కఱలేదు, పలకనే విడువవలెను. పలుచని రంగుతో ప్రారంభించి క్రమముగా చిక్కదనమునకు పోవలెను. చిక్కనిది ముందు వేసినచో వెనుకకు వచ్చుట కష్టము. బూజు తినివేసిన ఎడమ చెంపకు ఆధారము లేదు గనుక కుడిచెంపపై వెలుగు ఎట్లు పడినదో చూచి, దానికి తగినట్లు ఎడమవైపు పూరించితిని.

ఇచ్చటనే నా రెండవ తప్పు జరిగెను. అది మొదటిదానికన్న పెద్దది. పెదవుల కడకు వచ్చునప్పటికి నా చేయి ఆగెను. అంత దుఃఖకరమైన మరణము పొందిన తల్లి ఈ పలకపైనైనను నవ్వుచుండవలదా అనిపించెను. పెదవుల కొనలను కొంచెము పైకి ఎత్తితిని. కనుబొమల నడుమ పడిన బొగ్గుచుక్కలను తడిగుడ్డతో తుడిచివైచి, నుదుటిని నున్నగా చేసితిని. ముఖము కళకళలాడెను. నా గురువు చూచి, "మాస్టారూ, ఫొటోలో అమ్మగారి పెదవులు ఇట్లు లేవేమో!" అని మెల్లగా అనెను. "మా అమ్మ నాకు తెలియదా?" అని నేను బదులు చెప్పితిని. ఆమె మఱి మాటాడలేదు.

పలకను రెండు చెక్కల నడుమ పాతకాగితములుంచి, దినమున కొకసారి త్రిప్పుచు, పదిదినములు నీడలో ఆఱబెట్టితిమి. పిమ్మట మొదటి కాల్పు. బట్టీ వేడిని మెల్లమెల్లగా పెంచవలెను. నూఱు డిగ్రీల యొద్ద మట్టిలో మిగిలిన నీరు ఆవిరియగును. ఆవిరి తొందరపడినచో పలకను పగులగొట్టును. 450 డిగ్రీలు దాటిన పిదప మట్టి అణువులలో ఇమిడియున్న నీరు గూడ విడిపోవును. అటుపిమ్మట ఆ మట్టిని నీటిలో వేసినను కరగదు. 573 డిగ్రీల యొద్ద మట్టిలోని స్ఫటికపు ఇసుక ఒక్కసారిగా ఉబ్బును; చల్లారునప్పుడు అచ్చటనే మఱల కుంచించుకొనును. ఆ గండమును నెమ్మదిగా దాటింపవలెను. మేము 950 డిగ్రీల వఱకు పోయి బట్టీని ఆపితిమి. అది నూఱు డిగ్రీలకు దిగునంతవఱకు తలుపు తీయలేదు. పరీక్షాఫలితములకై వాకిట నిలుచు విద్యార్థి బాధ నాకు ఆనాడు తెలిసెను.

తరువాత మెఱుగుపూత. ఇసుకరాతి పొడి, తెల్లమట్టి, గూడూరు ప్రాంతమున అభ్రకముతోపాటు దొరకు ఫెల్స్పారు వంటి రాతిపొడి, త్వరగా కరగు బోరాన్ గాజుపొడి నీటితో కలిపి చేసిన ద్రవమిది. ఇందులో సీసము వేయలేదు. సీసము ఆరోగ్యమునకు హాని. కాలిన పలకను అందులో ముంచి తీయగా పలక నీటిని పీల్చుకొనెను. తెల్లని పొడి పైన నిలిచి అమ్మ ముఖమును పూర్తిగా కప్పివేసెను. రెండవసారి 1080 డిగ్రీల వఱకు కాల్చగా ఆ పొడి కరగి గాజయ్యెను. బట్టీ తెఱచునప్పటికి గోధుమ వన్నె నీడలతో, నిగనిగలాడు పలకపై నవ్వుచున్న ముఖము కనబడెను. నా సంతోషమునకు మేర లేకపోయెను.

పలకను కొత్తగుడ్డలో చుట్టి పిన్ని చేతిలో పెట్టితిని. ఎనుబది యేండ్ల ముదుసలి. ఆమె కన్నద్దములు సవరించుకొని చాలసేపు చూచెను. తరువాత, "చక్కగా ఉన్నది, నాయనా. ఎవరీమె?" అని అడిగెను.

నాకు మాట రాలేదు. "అమ్మ, పిన్నీ" అని ఎట్లో చెప్పితిని.

పిన్ని తల అడ్డముగా ఊపెను. "అక్క కనుబొమల నడుమ ముడత ఏది? ఆ దినము ఆమె ఫొటోగ్రాఫరు వంక చూడనేలేదు. తిరునాళ్ళలో నీవు మా చేయి విడిపించుకొని రంగులరాట్నము వైపు పరుగెత్తితివి. జనములో ఎక్కడ తప్పిపోవుదువో యని ఆమె నీవంకనే చూచుచుండెను. 'అమ్మా, ఇటు చూడుడు' అని ఫొటోగ్రాఫరు రెండుసారులు పిలిచినను ఆమె చూపు మరలలేదు. నేను నవ్వుచుంటిని, ఆమె నవ్వలేదు" అని చెప్పెను.

ఎండవలన కలిగినదని నేను తలచిన ముడత నా కొఱకు పడినది! ఏబది యేండ్లకు పైగా ఆ పటమున అమ్మ నన్నే చూచుచుండెను. నేను నా చేతితో ఆ చూపును తుడిచివైచితిని. ప్రేమతోనే చేసితిని, అయినను అది అబద్ధమయ్యెను. నీటిలో వేసి కరగించుటకు ఆ పలక ఇక పచ్చిమట్టి కాదు. నిప్పు నా అబద్ధమును శాశ్వతము చేసెను.

మఱునాడు శిల్పశాలకు పోయి జరిగినదంతయు నా గురువునకు చెప్పితిని. ఆమె మందలింపలేదు. చుక్కల కాగితమును తీసి నా ముందు పఱచెను. కనుబొమల నడుమ నేను పొడిచిన రంధ్రములు అట్లే యుండెను. నేను మఱచినను ఆ కాగితము మఱువలేదు. చుక్కల కాగితములో ఈ గుణమున్నది: ఒకసారి పొడిచిన దానితో ఎన్ని పలకలనైనను చేయవచ్చును. మఱల మట్టి పిసికితిమి; మఱల పదిదినములు ఆఱబెట్టితిమి. ఈసారి ఒక్క చుక్కను గూడ తుడువలేదు. మూసిన పెదవులను మూసినట్లే ఉంచితిని. నుదుటి ముడతకు అన్నిటికన్న సన్నని కుంచె తీసికొంటిని. పలక వెనుక, మట్టి పచ్చిగా నున్నప్పుడే, సూదితో అమ్మ పేరును, ఊరిపేరును, ఫొటో తీసిన సంవత్సరమును వ్రాసితిని.

మూడవ పలకను చూచి పిన్ని ఏమియు అడుగలేదు. ముడతమీద వ్రేలుంచి, "అక్క" అనెను. దుమ్ము లేకపోయినను కొంగుతో పలకను తుడిచెను. దానిని లోపల దాచవలదనియు, వాకిటి గోడలో పొదుగుమనియు చెప్పెను. "వాన జల్లు పడును గదా, పిన్నీ?" అంటిని. "పడనిమ్ము. ఇక నీరు అక్కను ఏమి చేయగలదు?" అనెను. ఆ యేటి తొలకరిజల్లు పలకపై పడి జాఱిపోవుటను మేమిద్దఱము వాకిట నిలిచి చూచితిమి.

నవ్వుచున్న పలక నా వ్రాతబల్లపై నున్నది. దానిని నేను పాఱవేయలేదు. ఎవరికైనను ఉత్తరము వ్రాయునప్పుడు, ఎవరిని గూర్చియైనను తీర్పు చెప్పునప్పుడు దానివంక ఒకసారి చూచెదను. దిద్దుకొనుటకు ప్రతి పనిలోను కొంతకాలముండును. ఆ కాలము పచ్చిమట్టి వంటిది. తోడివారు "ఇది ఇట్లు లేదేమో" అని మెల్లగా చెప్పు మాటను అప్పుడే వినవలెను.

బాలబాలికలారా! బట్టీపని, రంగుపొడుల పని పెద్దల తోడు లేక చేయదగినది కాదు. కాని మీరు నేడే చేయదగిన పని యొకటి కలదు. మీ ఇంటనున్న పాత ఛాయాచిత్రములను తేమలేని చోట ఉంచుడు. ఒక్కొక్కదానికి ప్రతి తీయించుడు. అందులో నున్నవారెవరో, ఎప్పుడు తీసినదో, ఆ క్షణమున వారు ఎవరివంక చూచుచుండిరో పెద్దలనడిగి వ్రాసియుంచుడు. చెప్పగలవారు ఉన్నప్పుడే అడుగుడు.

ప్రశ్నలు

1. నలుపు తెలుపు ఛాయాచిత్రము చెడిపోవుటకు కారణములేవి?
2. చుక్కల కాగితము పద్ధతిని వివరింపుము. ఆ పద్ధతిని ఏ యే దేశములవారు దేనికి వాడిరి?
3. 16.5 సెంటీమీటర్ల పలక కాలిన పిదప 15 సెంటీమీటర్లేల అయ్యెను?
4. "కాలని మట్టి తప్పును మన్నించును. కాలిన మట్టి మన్నింపదు." ఈ మాట ఎవరు, ఎప్పుడు అనిరి? తరువాతి కథలో అది ఎట్లు నిజమయ్యెను?
5. పిన్ని మొదటి పలకను చూచి "ఎవరీమె?" అని ఏల అడిగెను?